నా కోసం ఆగొద్దు

ఉదయం బడికి వెళ్ళే బస్సు మిన్నీ బే మలుపు తిరిగేసరికి సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంటే, రాళ్ళకు పట్టిన నాచు వాసన కిటికీలోంచి లోపలికి కొడుతుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం భయం వేస్తుంది. నీళ్ళు రోజూలాగే తగ్గాయా, లేక ఎవరో లాగేసినట్టు పోయాయా అని ఒడ్డునున్న పడవల వంక చూస్తాను. అవి ఎప్పటిలాగే పక్కకు ఒరిగి ఉంటాయి. అప్పుడు ఊపిరి వదులుతాను. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. కృష్ణవేణి మేడమ్ దగ్గర నేర్చుకున్నది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడికి ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవులకు వచ్చి డిగ్నాబాద్‌లో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టి, కాళ్ళకు మగపిల్లలు వేసుకునే ఆటల బూట్లు తొడిగేవారు. ఎందుకని అడిగితే, “చెప్పుల్తో పరిగెట్టలేం కదమ్మా” అన్నారు. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. నేను చేరిన నెలలోనే భూకంపం డ్రిల్ జరిగింది. ఆవిడ నాలుగో తరగతి పిల్లల ముందు నిలబడి, “భూమి ఊగితే ఏటి చెయ్యాలి?” అని అడిగారు. పైకి పరిగెత్తాలని అందరూ అరిచారు. “అమ్మ ఇంట్లో ఉంటేనో?” అన్నారు. మళ్ళీ ఆవిడే చెప్పారు: “అమ్మ కోసం ఇంటికెళ్ళకూడదు. అమ్మ తన కాళ్ళతో తనే పైకొస్తాది. సమఝే?” మొదటి బెంచీలో ఒక పిల్ల ఏడ్చేసింది. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి దెబ్బలాడితే ఆమెకూ అదే మాట చెప్పి పంపారు. ఈవిడది రాతి గుండె అనుకున్నాను.

మూడేళ్ళ తర్వాత, ఉత్తర జపాన్‌లోని ఒక చిన్న రేవు పట్నం బడివాళ్ళు మా డ్రిల్ గురించి తెలుసుకుని, వారం రోజులు వచ్చి ఉండమని మా ఇద్దరినీ పిలిచారు. ఆ ఊరి పేరు నాకు చివరిదాకా నోరు తిరగలేదు. వసంతమన్నారు గానీ చలికి చేతివేళ్ళు వంగేవి కావు. సముద్రానికీ ఊరికీ మధ్య రెండంతస్తుల ఎత్తు గోడ కట్టారు. వీధిలో నిలబడితే అల చప్పుడు వినిపించేది, నీళ్ళు కనిపించేవి కావు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. కరెంటు స్తంభాల మీద, నా తలకు చాలా పైన, నీలం గీతలున్నాయి. ఒకప్పుడు సునామీ నీళ్ళు అంతవరకూ వచ్చాయట.

మాకు దుబాసీగా హిందీ చదువుకున్న జపాన్ అమ్మాయి ఒకతె వచ్చింది. మేడమ్ ఆమెను మొదట అడిగిన ప్రశ్న, “బేటీ, సబ్‌సే ఊంచీ జగహ్ కహాఁ హై?” అని, అన్నిటికన్నా ఎత్తైన చోటు ఎక్కడని. సామాన్లు దించగానే కొండమీది బడికి వెళ్ళే మెట్లు రెండుసార్లు ఎక్కించారు, వాచీ చూసుకుంటూ. రేవు నుంచి పదకొండు నిమిషాలు. దారిన పోయేవాళ్ళు చూస్తుంటే నాకు సిగ్గేసింది. పైన ఆయాసపడుతూ ఆవిడ అన్నారు, “ఇను సుధా. ఊగితే నువ్వు నాకోసం ఆగొద్దు, నేను నీకోసం ఆగను. బస్.” “అలాగే మేడమ్” అన్నాను, పెద్దావిడ మాట కాదనలేక.

నాలుగో రోజు పొద్దున్న గోడకు అవతలున్న రేవులో సముద్రపు నాచు ఉడికించే షెడ్డుకు తీసుకెళ్ళారు. గోధుమరంగు నాచును మరిగే నీళ్ళలో వేయగానే పచ్చగా మారిపోవడం నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మేడమ్ పడవలు చూసొస్తానని బయటికెళ్ళారు. అప్పుడు కాళ్ళ కింద ఏదో బండి దొర్లినట్టయింది. ఇనుప రేకులు కొట్టుకున్నాయి, గంగాళంలో నీళ్ళు ఒలికాయి. ఊపు ఎంతకూ ఆగలేదు. ఆగీ ఆగకముందే సైరన్ మోగింది. పనివాళ్ళందరూ ఎక్కడివక్కడ వదిలేసి బయటికి నడిచారు. ఎవరూ అరవలేదు.

నేను మాత్రం పడవల వైపు పరుగెత్తాను. మేడమ్ అక్కడ లేరు. పిలిచాను. పడవల వెనక చూశాను, వలల గుట్టల పక్కన చూశాను. గట్టు అంచున నిలబడి కిందికి చూస్తే నీళ్ళు రాళ్ళను వదిలి జారిపోతున్నాయి. అటే చూస్తూ ఉండిపోయాను. రబ్బరు బూట్ల ఆడమనిషి ఒకావిడ వెనక్కి వచ్చి నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఆవిడ మాట నాకు అర్థం కాలేదు, చూపించిన వేలు అర్థమైంది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వెనక్కి తిరిగితే అల కనిపిస్తుందని తిరగలేదు. మేడమ్ నన్ను వదిలేసి పోయారా, నీళ్ళలో ఉన్నారా, ఈ రెండింటిలో ఏది తలుచుకున్నా ఏడుపొచ్చింది.

బడి ఆవరణలో ఒక మూల, మెట్లకు వీపు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నారావిడ. “మేడమ్” అన్నాను. కళ్ళు తెరిచి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

“ఇంతసేపు ఎక్కడున్నావు?”

“మీకోసం వెతికాను.”

“ఎటేపు?”

“పడవల వైపు.”

ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నా మణికట్టు పట్టుకుని మెల్లగా చెప్పారు. మా దీవులకు సునామీ వచ్చిన ఆదివారం ఆవిడా భర్తా దక్షిణాన హట్ బే అనే రేవు ఊళ్ళో ఉన్నారట. ఆవిడ బజారుకెళ్ళారు. అందరూ పరుగెత్తుతుంటే వాళ్ళతోపాటు అడవిలోకి, మెట్ట మీదికి వెళ్ళిపోయారు. భర్త అప్పటికే ఇంకో వైపు నుంచి మెట్ట ఎక్కేశాడు. “పోకు భయ్యా అన్నారంట అందరూ. కృష్ణ బజార్లో ఉండిపోనాది అని కిందికి దిగిపోనాడంట. మరి రాలేదు. నానక్కడ లేను సుధా. అదే మెట్టమీద, చెట్లకి అవతలేపునే ఉన్నాను.” నా వైపు తిరిగి, “నువ్వూ అలాగే ఎళ్ళావు” అన్నారు.

ఆ రోజు వచ్చిన అల మోకాలి ఎత్తు కూడా లేదు. గట్టుకు కొట్టుకుని రెండు పడవలు దెబ్బతిన్నాయి. మధ్యాహ్నానికి కిందికి దిగనిచ్చారు. దుబాసీ అమ్మాయి వాళ్ళమ్మమ్మ కూడా అదే చెప్పేదట, ఎవరి ప్రాణం వాళ్ళు పైకి తెచ్చుకోవాలని. మేడమ్ తలూపారు. నన్ను తిట్టలేదు. కానీ తిరిగొచ్చేదాకా రోజుకొకసారైనా నా మణికట్టు పట్టుకుని వదిలేవారు.

కృష్ణవేణి మేడమ్ పోయినేడు జబ్బుచేసి పోయారు. నా కూతురు రియా ఇప్పుడు నాలుగో తరగతి. మొన్న ఆదివారం దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భూమి ఊగితే ఇంటికి రావద్దనీ, బడి వెనక ఎత్తుకే పరుగెత్తమనీ చెప్పాను.

“నువ్వు నన్ను వెతకవా అమ్మా?” అంది.

“వెతకను. నువ్వు పైనే ఉంటావని నాకు తెలుసు.”

“పక్కా?”

“పక్కా.”

అది ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజే వస్తే నేను నిజంగా వెతకకుండా ఉండగలనా అన్నది నాకు తెలియదు, తెలుసుకోవలసి రాకూడదనే రోజూ మొక్కుకుంటాను. కానీ ఆ మాట తడబడకుండా చెప్పగలిగాను. దాని కళ్ళలోకి చూస్తూనే చెప్పాను.