ఐదో తరగతి చదివిన మా అప్ప

మా ఇంట్లో మతిమరుపు ఎవరికి ఉందో తేల్చడానికి పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. మా బావగారి కొడుకు కాశీబుగ్గ బజారులో బండి ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఆటోలో ఇంటికొచ్చిన మనిషి. వాడూ వాడి భార్యా తమ పెళ్ళిరోజు ఎప్పుడో ఏటా నాకు ఫోను చేసి కనుక్కుంటారు. అలాంటి ఇద్దరూ కలిసి ఈ వేసవిలో వాడి తల్లికి మతి పోతోందని తేల్చేశారు.

వాడి తల్లి నాకు తోడికోడలు. వరసకి అక్క కనక, మా వైపు అలవాటు ప్రకారం అప్పా అని పిలుస్తాను. పలాసలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క సందే అడ్డం. “నెల్లాళ్ళ నుంచీ ఇలగే ఉంది” అని వాడు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. నెల కాదు, మూడు వారాలు. తేదీలు సరిగ్గా లెక్క పెట్టుకునేవాళ్ళకి దానికి ముందు ఏం జరిగిందో కూడా గుర్తుంటుంది. దానికి ముందు వాళ్ళు వంటిల్లు బాగుచేయించారు.

కోడలు ప్రైవేటు బడిలో టీచరు. ఆ అమ్మాయికి ఏదైనా వరసలో నిలబడితే గాని నచ్చదు. గోడ పొడుగునా అరలు కొట్టించి, ఒకే ఎత్తు, ఒకే తెలుపు, ఒకే మూత ఉన్న డబ్బాలు తెచ్చి ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా సర్దింది. ఒక్కోదాని మీద ఒక చీటీ. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ధనియాలపొడి. దస్తూరీ బాగుందని నేను కూడా మెచ్చుకున్నాను. మా అప్ప ఇన్నాళ్ళూ వాడిన సొట్టల రేకు డబ్బాలూ మూతి విరిగిన జాడీలూ పాత సామానువాడి బండి ఎక్కాయి.

ఆ తరవాత మొదటి వారంలోనే, తాలింపుకి నూనె పెట్టి మా అప్ప అరల ముందు నిలబడిపోయింది. కోడలు వచ్చేసరికి డబ్బాల మూతలన్నీ తీసి ఉన్నాయి, మూకుడు పొగలు కక్కుతోంది.

“ఏం కావాలి అత్తయ్యగారూ?”

“మర్సిపోనానమ్మా,” అందట.

రెండోసారీ అంతే. మూడోసారి నూనె భగ్గుమంది. గోడ నల్లబడిందే తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. గోడకి కొత్తగా రంగు వేయించారు కనక ఆ నలుపు చాలా పెద్ద ప్రమాదంగా లెక్కకొచ్చింది. మర్నాటి నుంచి కోడలు బడిలో వేసవి క్లాసులకి వెళ్తూ వంటింటికి తాళం వేసుకుని వెళ్ళేది. మా అప్పని టీవీ ముందు కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి కంచంలో వడ్డించి మూత పెట్టేవారు.

కాపరానికి వచ్చిన నాటి నుంచీ మా అప్ప పొయ్యి వదిలి ఉన్న మనిషి కాదు. అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చే ఆవిడతో బేరం, పులుసులో చింతపండు ఎంత అన్న తగువు, పిల్లలకి ముందు వడ్డించడం, తాను ఆఖర్న తినడం, ఇదే ఆవిడ రోజు. ఆ పొయ్యి తీసేస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కుచ్చెళ్ళు సవరించుకుంటూ కూర్చునేది. మూత తీసి సగం తిని సగం వదిలేసేది. రాత్రిళ్ళు నిద్ర లేదు.

చూడ్డానికి చుట్టాలు వచ్చారు. అందరికీ తనే చెప్పేది, “నా మతి పోనాదమ్మా” అని. మతి పోయినవాళ్ళు ఆ సంగతి అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకుని, వచ్చినవాళ్ళలో ఒక్కర్నీ వదలకుండా చెప్పడం నేనెక్కడా చూడలేదు. ఒకరు సరస్వతి ఆకు నమలమన్నారు. కంచిలి నుంచి వచ్చినావిడ రోజూ బాదంపప్పు నానబెట్టి తినమంది. ఆ ఇంట్లో చేసేది జీడిపప్పు వ్యాపారం. మూలల్లో పప్పు టిన్నులు పేర్చి ఉంటే, వాటికి ఆనుకుని కూర్చునే ఆవిడ బాదం మహిమ చెప్పింది.

అసలు సంగతి నాకు నూనె మాడిన మొదటి రోజే తెలిసింది. మా అప్పకి ఒక్క అక్షరం రాదు.

ఈ మాట అనడానికి నాకిప్పుడు ఆవిడ అనుమతి ఉంది. ఆవిడ పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి “పిల్ల ఐదు సదివింది” అన్నాడు. ఎవరూ పరీక్ష పెట్టలేదు. తరవాత నేను ఇచ్ఛాపురం నుంచి ఎనిమిది చదివి కోడలిగా వచ్చాను. మా అత్తగారు “మా ఇద్దరు కోడళ్ళకీ కలిపి పదమూడు తరగతులు” అని ఊళ్ళో చెప్పుకునేది. ఆ కూడిక తప్పని మూడో నెలలోనే నాకు అర్థమైంది. పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే, “కంట్లో నలక పడ్డాది, సదివి పెట్టు” అంది. తరవాతి ఉత్తరానికి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ తరవాత పొయ్యి పొగ. కళ్ళజోడు వచ్చాక మా అప్పకి చాలా సౌకర్యం అయింది, అది ఎప్పుడూ పక్క గదిలోనే ఉండేది. నేను చదివి పెట్టేదాన్ని. ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. తోడికోడళ్ళ మధ్య ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అన్నాను.

“అప్పా, ఆ సీటీల సంగతి కోడలికి సెప్పీమంటావా?”

“ఏ సీటీలే?”

“ఏ సీటీలో నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “నోరు ముయ్యే. మతి పోనాదంటే అందరూ అయ్యో అంటన్నారు. సదువు నేదంటే నవ్వుతారు. మనవరాలు కాలేజీలో డప్పు కొట్టీసింది, మా నానమ్మ ఆ దినాల్లోనే ఐదు సదివిందని.”

“అయితే పొయ్యి ఒగ్గీసుకుంటావా?”

“పది దినాలు పోతే ఆళ్ళే బతిమాలి ఇత్తారు. దాని సేతి కూర నువ్వు తిన్నావేటి?”

తిన్నాను. ఆవిడ ఆశలో తర్కం ఉంది. కాని కొడుకు బతిమాలలేదు. శనివారం టెక్కలికి వచ్చే పెద్ద డాక్టరు దగ్గర చీటీ రాయించాడు. నన్నూ తోడు రమ్మన్నాడు.

డాక్టరు మంచివాడే. అంతకుముందే చేయించిన రక్తపరీక్షలు చూసి పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈ రోజు ఏ వారం? శనివారం. ఏ నెల? “వైశాకం.” ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. గడియారం బొమ్మ గీసి అంకెలు వెయ్యమన్నాడు. మా అప్ప అప్పడంలా గుండ్రంగా గీసి, దాన్ని చాలాసేపు చూసి, పెన్ను తిరిగి ఇచ్చేసింది. తరవాత ఒక అట్ట చూపించి, దాని మీద ఏం రాసి ఉందో చదివి అలాగే చెయ్యమన్నాడు.

మా అప్ప అట్టని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. “కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోనాను బాబూ,” అంది.

కళ్ళజోడు ముక్కు మీద ఉంది.

“సూశారా డాక్టరుగారూ!” అన్నాడు కొడుకు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు ఆపుకోవడానికి నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అది కిందటి నెలది, ఎవరూ మార్చలేదు.

డాక్టరు మార్కులు కూడుకున్నాడు. “అమ్మ ఎంతవరకు చదువుకున్నారు?”

“ఐదో తరగతండి,” అన్నాడు కొడుకు, కన్నీళ్ళలో కూడా కొంచెం గొప్పగా.

“నిజంగా చదివారా? ఎందుకు అడుగుతున్నానంటే, బడికి వెళ్ళనివాళ్ళకి ఈ మార్కులు వస్తే నేను పెద్దగా పట్టించుకోను. ఐదు చదివినవాళ్ళకి వస్తే కంగారు పడాలి.”

మా అప్ప వేళ్ళు నా మణికట్టు చుట్టూ బిగిశాయి. నా నోరు ఎప్పుడో గాని నా మాట వినదు, ఆ రోజు విన్నది.

“ఐదేనండి. మాకందరికీ తెలుసు,” అన్నాడు కొడుకు.

“అయితే విశాఖలో స్కానింగు చేయించండి. ఒంటరిగా వదలొద్దు. పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వొద్దు.”

“ఎన్నాళ్ళు?” అంది మా అప్ప. ఆ గదిలో తనంతట తానుగా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

“ఎన్నాళ్ళేటమ్మా,” అన్నాడు కొడుకు ప్రేమగా. “ఇంక నీకు పొయ్యి పని నేదు. ఒండడానికి మనిషిని మాటాడేశాను. మారాణిలాగ కూకో.”

మా అప్ప నా చెయ్యి వదిలేసింది. “డాక్టరు బాబూ,” అంది, “ఆ ఐదు కొట్టీ.”

“ఏమిటమ్మా?”

“కొట్టీసి సున్నా ఎట్టు. నాను బడి గుమ్మం ఎక్కనేదు. ఆ డబ్బాలన్నీ ఒక్కనాగే ఉంటే ఆవాలెక్కడున్నాయో నాకేటి తెలుత్తాది? మూతలు తీసి సూసీలోగా నూనె మాడిపోతన్నాది.”

కొడుకు తల్లిని చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి ఆ అట్టని చూశాడు. డాక్టరు మాత్రం నిజంగానే ఐదు కొట్టేశాడు. కాగితం పక్కన పెట్టి, నిన్నటి నుంచి ఇప్పటిదాకా ఇంట్లో ఏం జరిగిందో చెప్పమన్నాడు.

చెప్పింది. పొద్దున్న పాలవాడు ఎందుకు ఆలస్యమయ్యాడో, ఎవరొచ్చారో, సాయంత్రం కొడుకూ కోడలూ ఏ మాట మీద దెబ్బలాడుకున్నారో, ముందు ఎవరు మొదలుపెట్టారో, తరవాత ఎవరు తలుపు వేసుకున్నారో. “సాలమ్మా,” అన్నాడు కొడుకు. “చెప్పనివ్వండి, ఇది పరీక్ష,” అన్నాడు డాక్టరు. ఆయనకి బాగా నచ్చినట్టుంది.

చివరికి తేల్చింది ఇది. ఇప్పటికి జబ్బేమీ కనబడ్డం లేదు. నిద్ర లేకపోయినా, దిగులు పెట్టుకున్నా మరుపు ఎక్కువైనట్టు ఉంటుంది. చేతికి పని ఉండాలి. ఆరునెలల తరవాత మళ్ళీ ఒకసారి చూపించండి. “మరుపు లేదని కాదమ్మా,” అన్నాడు, “అందరికీ ఉన్నంత ఉంది.”

కారులో కొడుకు అద్దంలోంచి నన్ను చూస్తూ, “పిన్నీ, నీకు తెలుసా ఈ సంగతి?” అన్నాడు.

“తెలుసు.”

“మరి నాకెందుకు సెప్పనేదు?”

“మీ పెళ్ళిరోజు అడిగావు, సెప్పాను. ఇది నువ్వు అడగనేదు కదా నాయనా.”

ఇంట్లో భూకంపం వస్తుందని మా అప్ప పైట బిగించుకుని దిగింది. మనవరాలు ఫోను మీంచి తల ఎత్తి, “అయితే నానమ్మా, సినిమా పేర్లు కూడా చదవలేవా? పోస్టరు చూసి కనిపెట్టేసేదానివా? సూపర్,” అని మళ్ళీ తల దించుకుంది. నేను కాపరానికి రాకముందు నుంచీ దాచిన గుట్టుకి అంతే దక్కింది. మా అప్పకి కొంచెం కోపం కూడా వచ్చిందనుకుంటాను.

అసలు కంగారు పడింది కోడలు. సాయంత్రానికి గాజు సీసాలు కొనిపించి సరుకులన్నీ మార్చేసింది. అక్కడితో ఆగితే టీచరు ఎలా అవుతుంది? పలకా బలపం కూడా తెచ్చింది. “రోజుకి రెండక్షరాలు చాలు అత్తయ్యగారూ.”

“రెండు కాదు, నాలుగు నేర్సుకుంతాను. ముందు తాళం ఇయ్యి.”

తాళం ఇచ్చింది. నాలుగు అక్షరాల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం మా అప్ప పనసకాయ కొట్టి, ఆవ పెట్టి కూర వండింది. నన్నూ పిలిచింది. కొడుకు పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమలడం ఆపాడు. కోడలు నీళ్ళు తాగింది. నేను రుచి చూశాను. కూరలో ఉప్పు లేదు. తల్లి మొహం చూస్తూ కొడుకు ఆ ముద్ద భక్తిగా మింగేశాడు.

ఆవిడ ఆఖర్న కూర్చుని ఒక ముద్ద తింది. మమ్మల్నందర్నీ ఒకసారి కలియజూసింది.

“ఏటలగ కూకున్నారు, ఎవరో పోనట్టు? ఉప్పు ఎయ్యడం మర్సిపోనాను. ఆ ఉప్పు ఇలగియ్యండి.”

మరిచిపోయానని ఆవిడ చాలాసార్లు అనగా విన్నాను. నిజంగా మరిచిపోయి అనడం మాత్రం అదే మొదటిసారి. ఉప్పు సీసా నేనే అందించాను.