బంగారు మొన

తమిళనాడులోని కంబం బస్టాండులో నా పక్కన కూర్చున్నతను వెంట్రుకంత సన్నని గాజు తీగను తుడుస్తున్నాడు. దాని మొనకు బంగారు పూత ఉంది. తీగలోకి వెలుగు పంపితే, దానికి తగిలించిన చిన్న పెట్టె తెరమీద గీతలో ఒక పల్లం పడుతుందట. నీళ్లలో పురుగుమందు ఉంటే అది పూతకు అంటుకొని, ఆ పల్లం పక్కకు జరుగుతుందట. ఇదంతా తమిళంలోనే చెప్పాడు. బయటివాళ్లతో నేనూ తమిళమే. తెలుగు మాకు ఇంటి మాట.

మా ద్రాక్షతోట బావినీళ్లు చూడమని గర్వంగా సీసా అందించాను.

మొన ముంచాడు. పల్లం మెల్లగా జరిగిపోయింది. తీగ కడిగి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే. నా సీసాకు మూత బిగించి తన సంచిలో వేసుకుని, తన మంచినీళ్ల సీసా నా ఒళ్లో పెట్టాడు.

అంతకుముందు నేను కూతురితో ఫోనులో మాట్లాడింది విన్నాడేమో, అప్పుడు తెలుగులో అడిగాడు.

"అక్కా, ఇంట్లో చిన్నబిడ్డ ఉండాదా?"

నేను వెంటనే కూతురికి ఫోను చేశాను.

"బావినీళ్లలో పాలపొడి కలిపి పడతా ఉండానమ్మా. సగం తాగేసింది."

ఇప్పటికీ ప్రయాణంలో ఎవరైనా తెలుగులో అక్కా అని పిలిస్తే, నా చెయ్యి ముందు ఫోను మీదికి పోతుంది.