విశ్వాసమ్మ చెప్పిన సాక్ష్యం

మా చెల్లెలు విశ్వాసమ్మ మొండిది. మొగుడు పోయాక ఆ మొండితనంతోనే ఓర్వకల్లు దగ్గర రెండెకరాల మెట్ట చేసుకుంటూ కూతురు స్తుతిని పెంచింది. దాని గురించి తిట్టకుండా చెప్పడం నా వల్ల కాదు.

స్తుతికి ఆరేళ్లప్పుడు మొదటిసారి ఆ తలనొప్పి వచ్చింది. రెండు రోజులు ఒకటే వాంతులు. మూడో రోజు కుడి కంటి రెప్ప వాలిపోయింది. వేలితో ఎత్తి చూస్తే గుడ్డు పక్కకు తిరిగి ఉంది.

"పెద్దమ్మా, నువ్వు ఇద్దరు కనపడతాండావు" అంది. ఆ పూటే బస్సెక్కాం.

కర్నూలులో డాక్టరమ్మ స్కాన్ తీయించి, కంటిని తిప్పే నరం వాచిందని చెప్పింది. "మళ్లీ రావచ్చు. వచ్చిన రోజే తీసుకురండి. మాటిమాటికీ వస్తే కన్ను అట్లే నిలిచిపోవచ్చు" అంది. నెల తిరక్కముందే కన్ను తెరుచుకుంది.

మేలు జరిగితే సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పుకోవడం మాకు అలవాటు. ఆ ఆదివారం విశ్వాసమ్మ లేచింది. జరిగింది చెప్పి ఊరుకోవచ్చు కదా! "నా బిడ్డకు ఇంక ఆ జబ్బు రాదు, ప్రభువు తీసేసినాడు" అనేసింది. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది నేనే. నా నోరు పడిపోను!

రెండేళ్లకు మళ్లీ వచ్చింది. చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుందని విశ్వాసమ్మ బిడ్డను ఇంట్లో దాచింది. జ్వరమని అందరితోపాటు నాకూ చెప్పింది. మూడు వారాలకు అనుమానమొచ్చి తలుపు తోసుకొని పోయాను. పిల్ల కుడి కన్ను మూసుకుపోయి గోడవైపు పడుకుని ఉంది.

"నీకు బుద్ధుండాదా? కర్నూలు ఎంత దూరమే?"

"అందరి ముందర చెప్పినా కదక్కా... దేవుని పేరు పోతాదని..."

"ఆయన పేరుకు నువ్వు కాపలానా?"

విని పాస్టరు దావీదురాజు అయ్యగారు తల పట్టుకున్నారు. "డాక్టరు దగ్గరికి పోవద్దని నేనెప్పుడన్నా చెప్పినానామ్మా?" అంటూ ఆయనే ఆటో పిలిపించారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ముందే తెచ్చుంటే ఏమన్నా చేసేవాళ్లం. ఇప్పుడేమీ చెప్పలేను" అంది.

పది నెలలైంది. తలనొప్పి పోయింది గానీ రెప్ప సగమే లేస్తుంది, గుడ్డు లోపలికి తిరగదు. విశ్వాసమ్మ చర్చిలో చివరి చాప మీద కూర్చుంటుంది, పాట అందుకోదు. దాన్ని తిట్టే ఓపిక కూడా నాకు పోయింది.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ స్తుతి తల్లి కొంగు పట్టి లాగింది.

"లేయ్‌మా. పోయినసారి మాదిరి చెప్పు. నువ్వు చెప్తే నా కన్ను బాగైతాది కదా."

విశ్వాసమ్మ లేవలేదు.