నారింజ విసిరే కోచ్ సార్

బహ్రెయిన్‌లో మా కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్ సార్‌ది వరంగల్. బయట ఎండ మండిపోతుంటే వరండాలో నిలబడి, వచ్చే పోయే అమ్మాయిల మీదికి హఠాత్తుగా నారింజపండు విసిరేవారు. పట్టుకున్నవాళ్లను జట్టులో చేర్చుకునేవారు. చేతిలో నవల ఉన్నా, నేను ఎడమచేత్తో పట్టాను.

కానీ ఆటలో, పైకి లేచిన బంతిని పట్టేవాళ్లు "నాది!" అని అరవాలి. నాకు గొంతు పెగల్లేదు. అదే బంతికోసం పరుగెత్తుకొచ్చిన మా జట్టు అమ్మాయి నన్ను గుద్దుకుని పడింది. ఇక నన్ను తీసేస్తారనుకున్నాను.

"నోరు లేకుంటే ఏమాయె బేటా? వేళ్లున్నయ్ గద!" అంటూ సార్ క్యాచర్ పెట్టుకునే జాలీ ముసుగు నా చేతికిచ్చారు. బంతి ఎలా వెయ్యాలో విసిరేవాళ్లకు క్యాచర్ వేళ్లతోనే చెబుతుంది.

బ్యాటర్ వెనక కూర్చుని, బెరుకుగా రెండు వేళ్లు చాపాను. బంతి విసిరే అమ్మాయి తలూపి, అడిగినట్టే వేసింది. హమ్మయ్య, నా మాట ఒకరు విన్నారు.