తలనొప్పి పోయినంక

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెల్వదు. హన్మకొండ బస్టాండుల నా పక్కన నిలబడ్డ ఆ పెద్దమనిషి, ఎదురుంగ ఆగి ఉన్న బస్సును చూపెట్టి, "తమ్మీ, ఇది పరకాల పోతదా?" అన్నడు. బోర్డు మీద ఇంతింత అక్షరాలున్నయి. "కనిపిస్తలేదా?" అని కసురుకున్న.

"బస్సయితే మసకగ కనిపిస్తాంది తమ్మీ, అక్షరాలే కనిపిస్తలేవు," అన్నడు నిమ్మళంగ.

నాకు సిగ్గయింది. బస్సు కదలనీకి టైముందని బెంచీ మీద కూసోబెట్టిన. కొత్తవాడల జంపఖానాలు నేసేటోడట. మెదడుకు ఫంగస్ సోకి దవాఖానల పడ్డడట. తలనొప్పి తగ్గంగనే మాత్రలు బంద్ చేసిండట. రోగం తిరగబెట్టి చూపు తీసుకపోయిందట.

నాదీ అదే రోగం. తలనొప్పి పోయిందని నేను మాత్రలు ముట్టక వారమైంది. ఆ మాటే ఆయనకు చెప్పిన.

"మెదడుల కాపలా కణాలుంటయట తమ్మీ. ఫంగస్‌ను అవి మింగుతయట. కానీ కొన్నిసార్లు అది చావదట, వాటి కడుపులనే దాక్కొని పెరుగుతదట. డాక్టరమ్మ చెప్పింది."

"గసొంటి కాపలా ఎందుకన్నా?" అన్న కోపంగ.

"వాటినేమంటవ్? పాపం, చేతనైన కాడికి మింగినయ్. వాటికి తోడుండాల్సిన మందును ఆపింది నేను."

డ్రైవరు హారన్ కొట్టిండు. చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్కన కూసోబెట్టి దిగిన. బస్సు కదులుతుంటె ఆయన బయటికి తిరిగి, వేళ్లు నోటికాడ పెట్టుకొని, తల ఎత్తి మాత్ర మింగినట్టు చూపెట్టిండు. చూపెట్టింది నాకు గాదు, నాలుగడుగుల అవతలున్న స్తంభానికి.

నేను గబగబ పోయి ఆ స్తంభం ముంగట నిలబడ్డ.