పెరగని నాడి

ఎమ్మారై గదిలో ఆవిడది ఇరవై ఏళ్ల పని. రోజంతా మైకులో "ఊపిరి బిగపట్టండి" అంటుంది కనుక అందరికీ ఊపిరక్క. చదువు తక్కువ. తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకుంది. నరానికి సూది పెట్టాక చేత్తో కాస్త సెలైన్ పంపి, చుట్టూ వాపేమైనా వచ్చిందేమోనని వేలితో తడిమి చూడందే మందు ఎక్కించే పంపు తగిలించదు.

ఆ రోజు బల్ల మీద ఉన్నది సొంత అక్క మొగుడు, బస్సు డ్రైవరు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. గుండె కండరానికి రక్తం సరిగా అందుతోందని తేలితేనే మళ్లీ స్టీరింగు. ఈ పరీక్షలో ముందు ఒక మందుతో గుండె నాళాలను వెడల్పు చేస్తారు. పూడిన నాళం వెడల్పు కాదు. వెంటనే మెరిసే మందు వదిలి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బొమ్మ తీస్తారు. రక్తం అందని చోటు నల్లగా మిగిలిపోతుంది.

"నిన్నటి నుంచి టీ, కాఫీ ముట్టలేదు కదా బావా?" మూడోసారి అడిగింది.

"నీకంటే మీ అక్కే నయం. ఒకసారి అడిగి ఊరుకుంటుంది."

మొదటి మందు మొదలైంది. నాడి డెబ్బై రెండు. ఆవిడ ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారింది. ఆ మందుకు నాడి పరుగెత్తాలి. మూడు నిమిషాలైనా డెబ్బై నాలుగే.

"బావా, దడగా ఉందా? ముఖం వేడెక్కిందా?"

"హాయిగా ఉందమ్మా. కునుకొస్తోంది."

ఆ మందు పడితే ఎవరికీ హాయిగా ఉండదు.

"రెండో మందు వదులు," అన్నాడు వెనక నిలబడ్డ డాక్టరు. "బయట ఆరుగురున్నారు."

"వదిలితే బొమ్మలు బాగానే వస్తాయి సార్, అవన్నీ అబద్ధమే. మొదటి మందు పనిచెయ్యలేదు."

పంపు ఆపి లోపలికి వెళ్లి సూది చుట్టూ తడిమింది. వాపు లేదు, మందు నరంలోకే పోయింది. "నిజం చెప్పు. ఏం తాగావు?"

"తల పగిలిపోతుంటే... పొద్దున రెండు గుక్కల టీ."

"గుక్కలా, గ్లాసులా?"

"గ్లాసులే. అయినా కానిచ్చెయ్యమ్మా. బాగున్నట్టు వస్తే ఎవరికి నష్టం?"

"నీ వెనక కూర్చునే యాభై మందికి. టీ ఆ మందును పనిచెయ్యనివ్వదు బావా. లే."

రెండు రోజులు అక్క ఆయన్ను గడప దాటనివ్వలేదు. మూడో రోజు మళ్లీ పరీక్ష. నాడి తొంభై ఆరుకు ఎక్కింది.

"ఒళ్లంతా సెగ పుడుతోందే!"

"సంతోషం. ఊపిరి బిగపట్టు."

కండరం వెలిగింది, గుండె కింది గోడ లోపలి అంచున ఒక నల్లని చార తప్ప. యంత్రం ఒక్కోసారి లేని చారను చూపుతుంది, కానీ అది రెండు మూడు బొమ్మల్లో పోతుంది. ఆవిడ లెక్కపెట్టింది. నాలుగు. ఏడు. పది. చార పోలేదు.

"బండి ఎప్పుడెక్కను?" బల్ల దిగుతూ అడిగాడు.

"డాక్టరు చెబుతారు."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. చొక్కా గుండీలు వరస తప్పి పెట్టుకుంటుంటే ఆవిడే విప్పి సరిచేసింది. డాక్టరు వచ్చి, ముందు నాళం సంగతి చూడాలనీ, అప్పటిదాకా స్టీరింగు ముట్టొద్దనీ చెప్పి వెళ్లాడు.

"మొన్న నువ్వు ఊరుకుని ఉంటే ఈపాటికి బండి మీదుండేవాణ్ని," అన్నాడు బావ. ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీ అక్కకు నువ్వే చెప్పు. నాకు నోరు రావట్లేదు."