దమ్ము చేసిన దారి

మా నల్లరేగడికి సిగ్గూ శరం లేవు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. నాలుగు చినుకులు పడితే ఉబ్బిపోయి, కాలి చెప్పు లాక్కుని మళ్లీ ఇవ్వదు. కురుగోడు దాటాక కాలువ గట్టు నుంచి మా ఇంటిదాకా ఉన్న బండిదారంతా ఆ మట్టే. పోయిన వానాకాలం అమ్మ అందులోనే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆటో లోపలికి రాలేదు, మంచం మీద మోసుకెళ్లాం. ఆపరేషనై, కర్ర పట్టుకుని నడుస్తున్నా, మబ్బు పడితే చాలు గడప దాటడం మానేసింది. మట్టి పరీక్షలు చేసి జీతం తీసుకునేవాణ్ణి, నాకు తల కొట్టేసినట్టుండేది.

అందుకని ఈ ఏడు వానలకు ముందే సున్నం బస్తాలు, ప్లాస్టిక్ పోగుల సంచులు తెచ్చాను. సున్నం మట్టి పొగరు తగ్గిస్తుంది. బొటనవేలంత కూడా లేని ఆ పోగులు నెర్రె విచ్చకుండా పట్టి ఉంచుతాయి. గుప్పిట్లో ముద్ద కట్టేంత తడి చాలు. ఇంటి మెట్ల నుంచి సగం దారి అలాగే కలిపి, రోలర్‌తో తొక్కించి, మిగతాది రేపు చేద్దామని నాన్నకు చెప్పి టౌన్లో గాంధీనగర్‌లోని నా ఇంటికి వెళ్లాను.

మర్నాడు వచ్చేసరికి రెండో సగం వరిమడి అయిపోయింది. నాకు సాయం చేద్దామని నాన్న తెల్లారకముందే లేచి, సున్నమూ పోగులూ చల్లి, కాలువ నీళ్లు పెట్టి, ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించి, నాట్లకు చేసినట్టు దమ్ము చేసేశాడు. పోగులన్నీ నీళ్ల మీదికి తేలి, ఆ చోటంతా గుళ్లో గుండ్లు గీసే మండపంలా ఉంది.

"సున్నం బాగా కలవల్ల కదప్పా. ఇంత మెత్తగా నీ రోలర్ చేస్తాదా?" అన్నాడు, మోకాళ్ల దాకా బురదతో, మెప్పు కోసం చూస్తూ.

నారు ఎప్పుడు నాటుతావని అడిగాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

అది ఆరకముందే వాన దిగింది. అమ్మ వసారాలో కాసేపు నిలబడి, ఎవరినీ అడక్కుండా మెట్లు దిగింది. నేను వెనకే పరిగెత్తాను. కర్రతో పొడిచి చూసింది. గట్టిగా తగిలింది. నేను చేసిన సగం పొడుగునా వానలో తడుస్తూ నడిచింది. నాకు ఏడుపొచ్చింది, వానలో ఎవరికీ తెలియలేదు.

నాన్న బురద దగ్గర ఆగింది. అప్పటికే నాన్న చెప్పులు విడిచి, అందులోకి దిగి నిలబడ్డాడు. వద్దమ్మా, వెనక్కి పోదామన్నాను.

"నువ్వు ఈడిదాంక తెచ్చినావు. ఈడ్నుంచి మీ నాయన చూసుకుంటాడులే. ఆయప్పకు బురద కొత్త కాదు" అంది.

కర్ర నా చేతికిచ్చి, నాన్న భుజం పట్టుకుని బురదలో కాలు పెట్టింది.